తీగపెట్టెకు అంటు

మా ఆయన తాతాజీ దేన్నీ మెచ్చుకోడు. పెళ్లయిన కొత్తలో గోంగూర రొయ్యలు వండిపెట్టి, పక్కనే నిలబడి, ఏమంటాడోనని ఎదురుచూశాను. ఆకు మడిచి లేస్తూ "ఉప్పేశావా?" అన్నాడు. వేశానన్నాను. "అయితే సరే" అన్నాడు. అదే మెప్పని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

అలాగని మెచ్చుకోవడం చేతకాని మనిషి కాదు. కడియపులంక పూల మార్కెట్లో వేలం వేసేవాడు. బుట్టల మధ్య బల్లెక్కి గొంతెత్తితే నిన్నటి బంతిపూలు కూడా ఇప్పుడే విచ్చుకున్నట్టు కనిపించేవి. కనకాంబరాలను పొగుడుతుంటే కొనడానికి రానివాళ్లు కూడా నిలబడి వినేవాళ్లు. "ఒకటోసారి, రెండోసారి" అని ఆపి, అందరి మొహాలూ ఒకసారి చూసి, అప్పుడు "మూడోసారి" అనేవాడు. ఆ మాట అన్నాక సరుకు ఇక మనది కాదు.

"మార్కెట్లో అంత పొగుడుతారు, ఇంట్లో నోరు రాదేంటండీ?" అని ఒకసారి నిలదీశాను.

"అమ్మేదాన్నే పొగడాలే. ఉంచుకునేదాన్ని పొగిడితే బేరానికి పెట్టినట్టు కాదా?" అన్నాడు.

ఇదీ ఆయన సిద్ధాంతం. మా అమ్మాయి కుసుమకు విశాఖపట్నంలో పరిశోధనకు సీటు వచ్చినప్పుడు కూడా ఆయన దానికే కట్టుబడ్డాడు. ఊళ్లోవాళ్లంతా వచ్చి పిల్లను ఆకాశానికెత్తేస్తుంటే, "బస్సెప్పుడు?" అని మాత్రం అడిగాడు. పిల్ల మొహం చిన్నబోయింది. నాకు ఒళ్లు మండింది.

ఆ తర్వాత ఆయన గొంతే పోయింది. లోపల గడ్డ లేస్తే కోసి, స్వరపేటిక మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది, మాట దక్కలేదు. మార్కెట్ ఉన్న వీధివైపు వెళ్లడం కూడా మానేశాడు. మా నర్సరీలోనే కుండీల మధ్య తిరుగుతూ, కూలీలకు చేతులతో సైగలు చేస్తూ, వాళ్లకు అర్థంకాకపోతే తానే చేసుకునేవాడు. 

జీవ కంప్యూటర్లు అప్పుడే కొత్తగా వస్తున్నాయి. మా ఊళ్లో వాటిని తీగపెట్టెలంటారు. చూడటానికి చేపల తొట్టిలా ఉంటుంది. లోపల గంజిలాంటి చిక్కటి జిగురు, అందులో వెంట్రుకకన్నా సన్నని వెండి రంగు తీగలు. అవి వాటంతటవే పెరుగుతాయి. ఏ దారిని ఎక్కువగా వాడితే ఆ తీగ లావెక్కుతుంది, వాడని తీగ ఎండిపోతుంది. ఇంటి లెక్కలు, ఫోన్లు, నర్సరీకి నీళ్లు వదలడం, అన్నీ అదే చూసుకుంటుంది. కుసుమ పట్టుబట్టి ఒకటి కొనిపించి, దాంతోపాటు నాన్న మెడకు ఒక పట్టీ పెట్టింది. గొంతులో మిగిలిన కండరాలు కదిలితే ఆ కదలికను పట్టీ పెట్టెకు పంపుతుంది. పెట్టె దాన్ని మాటగా పలుకుతుంది; నర్సరీలో పెట్టిన స్పీకర్లోంచి కూడా ఆ మాట వినపడుతుంది.

మొదట్లో ఆయనకూ పెట్టెకూ ఒక్క క్షణం పడేది కాదు. ఆయన మజ్జిగ అడిగితే అది మల్లెలు అనేది. ఆయన తిట్టేవాడు, ఆ తిట్టు కూడా అది తప్పుగానే పలికేది. కానీ ఆ తిట్లే దానికి ఎరువయ్యాయి. పోనుపోను ఆయన సగం మాట అనుకునేసరికి మిగతా సగం అది అందుకోవడం మొదలుపెట్టింది. గొంతు మాత్రం ఆయనది కాదు. ఖాళీ బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు ఉండేది. అయితేనేం, విసుగు ఆయనదే, ఎత్తిపొడుపు ఆయనదే. "ఉప్పేశావా?" అని మొదటిసారి అది అన్నరోజు నేను వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను. నా మనిషి ఇంటికి తిరిగొచ్చాడనిపించింది.

కుసుమ పరిశోధన కూడా ఈ తీగల మీదే. ఒక పెట్టె నేర్చుకున్నది ఇంకో పెట్టెలోకి ఎక్కించడం ఎవరివల్లా కాదట. "చెట్టుకు ఫోటో తీస్తే ఆ ఫోటో కాయలు కాయదు కదమ్మా" అనేది. అందుకని చిన్న కొమ్మ కత్తిరించి, వేరే జిగురులో నాటి, తల్లి నేర్చింది పిల్లకు వస్తుందేమో చూడాలని దాని ప్రయత్నం. అక్కడి లాబ్‌లో నాటిన కొమ్మలన్నీ ఎండిపోయాయి. మా ఇంటి పెట్టెలోంచి తీసుకెళ్లిన కొమ్మ ఒక్కటే వేళ్లూనింది. ఆ సీసా ఫోటో పంపితే నేను ఊళ్లో కనపడ్డవాళ్లందరికీ చూపించాను. కడియం పిల్ల కదా, కొమ్మ నాటితే రాకుండా ఉంటుందా అని నా గొప్ప నాది. ఆయన ఫోటో చూసి "మూత సరిగ్గా పెట్టావా?" అని అడిగాడు.

ఈ ఏడు ఎండలకు పెట్టె మందగించింది. ఆయన మాట అనుకున్నాక అది పలకడానికి కొంచెం ఆలస్యమయ్యేది. ఇంకొకరైతే పట్టించుకోరు. ఊపిరి తీసుకునే సందులో బేరం జారిపోయే చోట బతికిన మనిషికి అది నరకం. పెరిగే వస్తువే కదా అనుకున్నాడు. మా దగ్గర కొమ్మ ఎదగకపోతే అందరం చేసే పని ఒకటే, కొమ్మకు వేళ్లు తొందరగా పుట్టించే వేళ్ల పొడి వాడతాం. మూత తీసి జిగురు మీద చిటికెడు చల్లాడు. చాటుగా కూడా కాదు, నేను పక్కనే ఉన్నాను. "ఇంకాస్త వెయ్యండి" అని నేనే అన్నాను. నర్సరీల్లో పుట్టి పెరిగినవాళ్లకు తప్ప ఆ బుద్ధి ఇంకెవరికీ పుట్టదు.

పొడి బాగానే పనిచేసింది. ఒకటి రెండు రోజులు పెట్టె పూనకం వచ్చినట్టు మాట్లాడింది. ఆయన కూడా పాత హుషారులో పడి నర్సరీ మొత్తం కలయదిరుగుతూ ప్రతి కుండీకి ఒక వంక పెట్టాడు. తర్వాత చూస్తే తీగలన్నీ అడ్డదిడ్డంగా పెరిగి, ఒకదాన్నొకటి చుట్టేసుకుని, గాజులోపల తుప్పలా తయారయ్యాయి. ఏ దారి ఎటు వెళ్తుందో దానికే తెలియని స్థితి. ఆయన పెదాలు కదుపుతున్నాడు, పెట్టె మాత్రం ఉలకదు పలకదు.

కంపెనీ తరఫున కిరీటి అనే కుర్రాడొచ్చాడు. మర్యాదస్థుడు. మూత తీసి చూసి, పొడి సంగతి విని, నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాడు.

"ఇది బాగయ్యేది కాదండి. ఇవి రిపేరు చేసే వస్తువులు కాదసలు. పాతది మాకిచ్చేసి కొత్తది తీసుకోండి. బాబాయిగారి పాత వేలం రికార్డింగులేమన్నా ఉన్నాయాండి? ఉంటే కొత్తది ఆయన సొంత గొంతుతోనే మాట్లాడుద్ది."

నేను అప్పటికే చెప్పుల కోసం చూస్తున్నాను. రికార్డింగులకేం, మార్కెట్ కమిటీ వాళ్ల దగ్గర బోలెడన్ని ఉన్నాయి.

"వాడి చూడండి. శ్రావణమాసం రద్దీ అయ్యాక వచ్చి పాత పెట్టె పట్టుకెళ్తాను. అందాకా దాన్ని కెలక్కండి. కెలికితే ఈ మార్పిడి కుదరదు, కొత్తదీ వెనక్కి తీసుకుపోవాల్సొస్తది" అని చెప్పి కిరీటి వెళ్లాడు.

కొత్త పెట్టె మొదటిసారి నోరు విప్పినప్పుడు నా చేతిలో చెంబు జారిపోయింది. అది నా తాతాజీ గొంతు. పెళ్లిచూపుల్లో పక్కగదిలోంచి విన్న గొంతు. గడ్డ లేవని, కోత పడని గొంతు. పనిమనిషి ఉందని కూడా చూడకుండా ఏడ్చేశాను. ఆయన నా వంక చూస్తూ ఉండిపోయాడు. అంత ఇష్టంగా విన్నానని నేను దాచను. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ గొంతు వినిపిస్తుంది.

చిక్కు ఆ సాయంత్రం అన్నాల దగ్గర మొదలైంది. వంకాయ కూర వడ్డించాను. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని ఏదో అనుకున్నాడు.

"చూడండి తల్లీ, ఇలాంటి కూర ఈ చుట్టుపక్కల పది ఊళ్లలో దొరకదు" అంది పెట్టె.

నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆయన తల అడ్డంగా ఊపి మళ్లీ ప్రయత్నించాడు.

"రంగు చూడండి, నిగనిగ చూడండి. రండి, రండి."

పొట్టపట్టుకుని నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. దానికి తెలిసిన తాతాజీ మార్కెట్లో బల్లెక్కిన తాతాజీ ఒక్కడే. ఇంట్లో తాతాజీని అది ఎన్నడూ ఎరగదు. ఆయన ఉప్పెక్కువైందని అనుకున్నా, నడుం నొప్పి అని అనుకున్నా, అది వినేవాళ్లకు ఇంపుగా మార్చి పలికేది. కూలీలు మురిసిపోయారు. "అయ్యగారు ఎంత మంచోరైపోయారండీ" అన్నారు. ఆయన రోజురోజుకూ పట్టీ పెట్టుకోవడం తగ్గించాడు. 

నేర్చుకుంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. కిరీటిని ఫోన్లో అడిగితే, ఆ రికార్డింగులతోనే తీగలు ముందే లావెక్కి ఉంటాయని, గొంతు కావాలంటే తీరు కూడా దాంతోపాటే వస్తుందని చెప్పాడు.

కుసుమకు పొడి సంగతీ, పెట్టె చెడిపోయిన సంగతీ తెలుసు. ఫోన్ చేసి కొత్తది ఎలా ఉందని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన చెయ్యెత్తి ఆపాడు. పట్టీ పెట్టుకున్నాడు. ఆయన అనుకున్నదేంటో నాకు మొహంలోనే కనపడింది. పర్లేదు, నడుస్తోంది, నీ పని నువ్వు చూసుకో. అంతే. 

పెట్టె మాత్రం ఇలా అంది: "అద్భుతంగా ఉందమ్మా. ఇలాంటిది జిల్లాలోనే లేదు. నువ్వు మా బంగారు తల్లివి."



"అమ్మా, నాన్నకు ఒంట్లో బాగాలేదా?" అంది కుసుమ.

"బాగానే ఉన్నారే."

"నన్ను బంగారు తల్లి అన్నాడు."

"అన్నారు."

"నాన్న అనడమ్మా ఆ మాట" అని ఫోన్ పెట్టేసింది.

ఇక్కడినుంచి కొంత కుసుమ తర్వాత నాకు చెప్పిన సంగతి. ఫోన్ పెట్టేసి నేరుగా వాళ్ల ప్రొఫెసర్ సుధేష్ణగారి గదిలోకి వెళ్లిందట. చెడిపోయిన తల్లి పెట్టెకు, దాని పిల్ల కొమ్మనే తెచ్చి అంటు కడితే మళ్లీ దారులు పడతాయేమో చూస్తానని అడిగిందట. ఎక్కడా ఎవరూ చేయని పని. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారట.

"వచ్చే నెల ప్రయోగం చూడటానికి, పరిశోధనకు డబ్బిచ్చే పెద్దవాళ్లు వస్తున్నారు. నీ దగ్గర బతికిన కొమ్మ ఇదొక్కటే. ఇది తీసుకెళ్తే వాళ్లకు చూపించడానికి ఏమీ ఉండదు. అంటు పట్టకపోతే తల్లీ పోతుంది, పిల్లా పోతుంది. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. తెలుసు కదా?"

"తెలుసు మేడమ్."

"మీ నాన్నగారు అడిగారా?"

"అడగరండి. అందుకే వెళ్తున్నా."

ఆవిడ లేచి, లాబ్ తలుపు తానే తీసి, "ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లు, కింద పెట్టకు" అన్నారట. ఆ తల్లి ఎవరి కడుపున పుట్టిందో గానీ ఆ మాటకు నేనెప్పుడూ దండం పెట్టుకుంటాను.

మర్నాడు మధ్యాహ్నం గేటు చప్పుడైంది. కుసుమ సీసాను పాత చీరముక్కలో చుట్టి, పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని లోపలికి వచ్చింది. బస్సులో పక్కనావిడ ఎన్నో నెల బిడ్డమ్మా అని అడిగిందట.

ఆయన సీసాను చూశాడు. చూడగానే అర్థమైపోయింది. విసురుగా పట్టీ మెడకు బిగించుకున్నాడు. కనుబొమలు ముడిపడ్డాయి, మెడ నరాలు లేచాయి. ఆ మొహం నాకు తెలుసు. నీకు బుద్ధుందా, చేతికందిన పంటను ఎవరన్నా పెరికేసుకుంటారా, వెనక్కి పట్టుకుపో అని అరుస్తున్నాడు.

"రామ్మా రా, ఎంత చక్కటి సరుకు తెచ్చావు! చూడండి, చూడండి" అంది కొత్త పెట్టె, ఆ బంగారంలాంటి గొంతుతో.

ఆయన పట్టీ పీకి నేలకేసి కొట్టాడు. గోడవైపు తిరిగి నిలబడ్డాడు.  ఇన్నేళ్ల కాపురంలో ఆయన కోపాన్ని ఎన్నిసార్లో తిట్టుకున్నాను. సొంత కూతురి మీద కోప్పడే హక్కు కూడా పోయిన మనిషిని ఆ రోజే చూశాను. 

కుసుమ సీసాను కింద పెట్టలేదు. 

"నాన్నా, కొమ్మ ఎండిపోతే ఇంకోటి నాటుతాను. నువ్వు నేర్పిన పనేగా. నువ్వు నన్ను తిట్టకపోతే మాత్రం నాకు తోచదు" అంది. 

ఆయన గోడవైపు నుంచి తిరగలేదు. చేత్తో వద్దు వద్దని ఊపాడు. ఇక వాళ్లిద్దరి మధ్య నేను మాట్లాడాల్సి వచ్చింది.

ఆ కొత్త గొంతు నాకెంత ఇష్టమో ఆయనకు తెలుసు. ఆయన వద్దనడంలో కూతురి చదువు ఎంత ఉందో, నా మురిపెం కూడా అంతే ఉంది. నేలమీది పట్టీ తీసి దులిపి, ఆయన మెడకు నేనే కట్టాను.

"ఒక్కసారి నన్ను పిలవండి. ఈ గొంతుతో" అన్నాను.

ఆయన నా కళ్లలోకి చూసి పిలిచాడు. ఎలా పిలిచాడో నాకు తెలుసు. కుసుమ పుట్టిన రోజున ఆసుపత్రి మంచం పక్కన ఎలా పిలిచాడో అలా.

"తాయారుగారూ, రండి, దయచేయండి" అంది పెట్టె.

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మీట నొక్కి ఆపేశాను. "పాతదే బాగుచేద్దాం. మొదలుపెట్టవే" అన్నాను కుసుమతో.

నర్సరీలో అంటు కట్టడం నాకు అన్నం కలుపుకున్నంత అలవాటు. ఇది మాత్రం చూపు ఆననంత సన్నని పని. కుసుమ కళ్లకు అద్దాలు తగిలించుకుని, తుప్పలా పెరిగిన తీగల్ని ఒక్కొక్కటే కత్తిరించింది. ఏది తీస్తే ఏ జ్ఞాపకం పోతుందో తనకూ తెలియదని ముందే చెప్పింది. చివరికి లావుపాటి మొదలు ఒకటి మిగిలింది. దాన్ని ఏటవాలుగా కోసి, సీసాలోని పిల్ల తీగను అదే వాలుగా కోసి, రెండు కోతల్నీ ఆనించి పట్టుకుంది. సన్నటి పొరతో కట్టు నేను కట్టాను.  కుసుమ చేయి చూస్తుంటే గర్వంగా అనిపించింది. ఎంత చదివినా కత్తి పట్టే తీరు మాత్రం మా ఇంటిదే.

కిరీటికి కుసుమే ఫోన్ చేసి, పాతదాన్ని కెలికామని, కొత్తది తీసుకుపొమ్మని చెప్పింది. ఇక వెనక్కి వెళ్లే దారి లేదు.

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతాలకు పూలకోసం మార్కెట్ కిటకిటలాడిపోతోంది. మా వీధిలో మూటల బళ్లు ఆగకుండా తిరుగుతున్నాయి. మా ఇంట్లో మాత్రం నిశ్శబ్దం. ఆయన పట్టీ పెట్టుకుని పెట్టె ముందు కూర్చుని గంటల తరబడి మాట్లాడేవాడు. ఏ శబ్దమూ వచ్చేది కాదు. కొత్త దారి పడాలంటే దాన్ని వాడుతూనే ఉండాలని కుసుమ చెప్పింది. అందుకని మౌనంగా వేలాలు వేశాడు, మౌనంగా కూలీలను తిట్టాడు. నాతోనూ ఏదేదో చెప్పాడు. నేను ఊకొడుతూ పూలు కట్టుకునేదాన్ని.

విశాఖలో పెద్దవాళ్లు వచ్చి వెళ్లారు. కుసుమ తోటివాళ్ల ప్రయోగాలు చూశారు, దీని బల్ల ఖాళీగా ఉంది. ఆ రోజు పిల్ల మామూలుగానే లేచి, పెట్టెలో జిగురు వెచ్చదనం చూసి, మొక్కలకు నీళ్లు పెట్టింది. నాకే ఉండబట్టక, "బాధగా ఉందా?" అని అడిగాను. "ఉందమ్మా" అంది. అబద్ధం చెప్పనందుకు ఇంకా ముద్దొచ్చింది.

ఒకరోజు నేనూ కుసుమా వేరే పనుల్లో ఉండగా హాల్లోంచి ఒక గొంతు వినిపించింది. నేను ఎప్పుడూ వినని గొంతు. బిందెలోంచి వచ్చినట్టు లేదు, బల్లెక్కిన గొంతూ కాదు. మగగొంతే, కాస్త సన్నగా, కాస్త తొందరగా ఉంది.

"ఎవత్తే ఈ కట్టు కట్టింది? వదులుగా ఉంది."

పరుగెత్తుకెళ్లాం. ఆయన గాజు దగ్గరకు వంగి, నేను కట్టిన కట్టును వేలితో చూపిస్తున్నాడు.

"నేనేనండి" అన్నాను ఏడుస్తూ.

"ఇన్నేళ్లొచ్చాయి, కట్టు కట్టడం రాలేదు" అంది పెట్టె. 

కుసుమ నేలమీద కూలబడి నవ్వింది. దాన్ని చూసి ఆయనకూ నవ్వొచ్చింది. అప్పుడు ముగ్గురం ఒక్కసారి ఆగిపోయాం. పెట్టెలోంచి వచ్చిన నవ్వు కుసుమది. అదే గలగల, చివర్లో అదే ఎక్కిలి. పాత పెట్టె నేర్చుకున్న ఆయన నవ్వు కత్తిరించిన తీగలతో పోయింది. సీసాలోని కొమ్మ లాబ్‌లో పెరిగినన్నాళ్లూ విన్నది దీని నవ్వునే. ఆయన మళ్లీ నవ్వి చూశాడు. మళ్లీ కూతురి నవ్వే వచ్చింది. సిగ్గుపడి మీసం సవరించుకున్నాడు.

అంటు పట్టిన కబురు విని సుధేష్ణగారు స్వయంగా వచ్చారు. అదే రోజు కిరీటి కూడా వాళ్ల పై అధికారిని వెంటబెట్టుకుని వచ్చాడు. కొత్త పెట్టె తీసుకెళ్లడం వట్టి సాకు. ఆ అధికారి మా పాత పెట్టె చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. కట్టు దగ్గర తీగ ఉబ్బి గట్టిపడిన చోట చాలాసేపు ఆగాడు. ఇరుగుపొరుగు వాళ్లు అరుగు మీద గుమిగూడారు.

సుధేష్ణగారు కుసుమ భుజం మీద చేయి వేసి, "నీకు ఒక ఏడాది పోయింది. అందులో దాపరికం లేదు. కానీ ఇది ఎవరూ చేయలేదు. మళ్లీ మొదలుపెడదాం, ఈ కొమ్మతోనే" అన్నారు.

అధికారి గొంతు సవరించుకున్నాడు. "ఇలాంటివి బాగుచేయడం కుదరదనే ఇన్నాళ్లూ మేం చెబుతూ వచ్చామండి. ఈ పెట్టె మాకిచ్చేయండి. మీరు ఏదడిగితే అది ఇస్తాం. అమ్మాయిగారికి మా దగ్గరే ఉద్యోగం కూడా. వస్తువు విలువ మీకు తెలియంది కాదు, మీరే చెప్పండి" అన్నాడు.

వస్తువు విలువ చెప్పమని మా ఆయన్ని అడిగాడు, పాపం.

ఆయన లేచాడు. అరుగు మీద మొక్కలు పెట్టుకునే చెక్కబల్ల ఒకటుంది. కుండీలు పక్కకు జరిపి దానిమీదకెక్కాడు. పట్టీ సరిచేసుకున్నాడు. గొంతు పోయాక ఆయన బల్లెక్కడం అదే మొదలు. 

"రండి బాబూ రండి! చూడండి ఈ పెట్టెని. చచ్చిందని చెప్పేశారు దీన్ని. తీగ తీగకీ చిక్కుపడి, నేనే నా చేతుల్తో చంపుకున్న పెట్టె ఇది. దీన్ని బతికించిన చెయ్యి చూడండి. కత్తి పట్టిన చెయ్యి చూడండి. దేశంలో ఎవరూ చెయ్యని పని, ఈ ఇంట్లో, నా కూతురు చేసింది. చేతికొచ్చిన చదువుని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కి తెచ్చి, నాకు నోరిచ్చింది. నేను అడగలేదు. అడక్కుండానే తెచ్చింది. ఇలాంటి పిల్ల కడియంలో లేదు. జిల్లాలో లేదు. ఏ మార్కెట్లోనూ, ఏ బుట్టలోనూ, నేను బల్లెక్కిన ఇన్నేళ్లలో ఇంత మంచి సరుకు నేను చూళ్లేదు!"

కొత్త గొంతు. సగం ఆయనది, సగం కూతురిది. మాట మాత్రం ఆయన కడుపులోంచి వస్తోంది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. కుసుమ గుమ్మం పట్టుకుని నిలబడింది. పుట్టిన దగ్గర్నుంచి ఆ పిల్ల ఎదురుచూసిన మాటలు అవి.

"ఒకటోసారి" అన్నాడు ఆయన.

అధికారి ఆశగా ఒక అడుగు ముందుకేశాడు.

"రెండోసారి."

మార్కెట్లో ఆగినట్టే ఆగాడు. అధికారి మొహం చూశాడు, కిరీటి మొహం చూశాడు, నన్ను చూశాడు, కూతుర్ని చూశాడు. తర్వాత నింపాదిగా బల్ల దిగి, కుండీలు మళ్లీ ఎక్కడివక్కడ సర్దడం మొదలుపెట్టాడు.

అధికారికి ఏం అర్థం కాలేదు. అరుగు మీదివాళ్లకు అందరికీ అర్థమైంది. కుసుమ కళ్లు తుడుచుకుంటూ దగ్గరకొచ్చింది.

"నాన్నా, అందరి ముందూ అంతలా పొగిడేశావు. బేరానికి పెట్టినట్టేగా మరి?"

ఆయన కుండీ దించి కూతురివైపు తిరిగాడు.

"మూడోసారి అన్నానేంటే?" అన్నాడు.

అని నవ్వాడు. కుసుమా నవ్వింది. ఒకటే నవ్వు, అరుగు మీదినుంచీ హాల్లోని పెట్టెలోంచీ. ఏది ఎవరిదో చెప్పమంటే, కన్నతల్లిని, కట్టుకున్నదాన్ని, నావల్లే కాలేదు.